నిర్దోషి చేతి పులుసు

పేరు మరపున పడిపోయిన ఒకానొక రాజ్యాన్ని విజయధవళుడనే రాజు ఏలేవాడు. తన నోట వెలువడిన మాట శిలాశాసనమని ఆయన నమ్మకం.

ఒకనాటి ఉదయం ఆయన కొలువులోని చతురుడు బొప్పన కారాగారం మీదుగా వెళుతూ నిశ్చేష్టుడై నిలిచిపోయాడు. నెరిసిన గడ్డంతో ఒక మనిషి కావలివాడి కాళ్లు పట్టుకొని, తనను మళ్లీ లోపల పెట్టమని బతిమాలుతున్నాడు.

అతడు సింగరయ్య, ఒకప్పుడు రాజుగారి వంటవాడు. పన్నెండేళ్ల కిందట ఒక విందులో అతని చింతపండు పులుసు తిన్న అతిథులు జబ్బుపడితే, విషం కలిపాడని చెరలో వేశారు. నెల కిందట ముసలి ఉగ్రాణాధికారి ప్రాణం పోయే ముందు నిజం చెప్పాడు. వండిన పులుసును కళాయి పోయిన రాగి గుండిగలోకి ఒంపించింది తానేనట. పులుపు తగిలి చిలుమెక్కి విషమైందట. రాజు సింగరయ్యను నిర్దోషిగా ప్రకటించి విడిచిపెట్టాడు.

“ఇదేం కోరిక, సింగరయ్యా?” అన్నాడు బొప్పన.

“ఏం చేయమంటారు, బాబుగారూ. శిక్ష తీరిన దొంగకు పంచె, పనిముట్టు ఇచ్చి ఎక్కడో ఒకచోట పనిలో కుదిర్చి పంపడం ఇక్కడి ఆచారం. నేను దొంగను కానుగదా, ఉత్త చేతులతో పంపేశారు. నా చేతి వంట ఊళ్లో ఎవరూ ముట్టరు. లోపలైతే పూట కూడైనా దొరికేది.”

బొప్పన ఆ మాట కొలువులో విన్నవించాడు. రాజు మీసం దువ్వుకున్నాడు.

“మేము నిర్దోషి అన్నాం. మచ్చ అక్కడితో మాసిపోయింది. జనం మూర్ఖులైతే మేమేం చేస్తాం?”

“తమరి మాటకు తిరుగేముంది, మహాప్రభూ. రేపు మధ్యాహ్నం మా ఇంట భోజనానికి దయచేయండి.”

మరునాడు రాజు మంత్రులతో సహా వచ్చి అరిటాకు ముందు కూర్చున్నాడు. వేడి అన్నంలో పులుసు పడింది.

“ఎన్నాళ్లయిందో ఈ ఘుమఘుమ తగిలి,” అంటూ ముద్ద ఎత్తాడు. “ఎవరయ్యా వండింది?”

“తమరు నిర్దోషి అన్న సింగరయ్యే, ప్రభూ. తలుపు చాటున నిలబడి ఉన్నాడు.”

ముద్ద నోటి ముందు ఆగిపోయింది. మంత్రుల్లో ఒకాయన ఆకును మెల్లగా పక్కకు జరిపాడు. రాజు జంకుతాడని బొప్పన అనుకున్నమాట నిజమే. కాని ఆయన ముఖం అలా పాలిపోవడం చూసి తానే దిగ్భ్రాంతి చెందాడు.

“నిర్దోషి అన్నది ఈ నోరే, ప్రభూ,” అన్నాడు నెమ్మదిగా. “ఇదే జంకితే ఊరి నోళ్లనేమంటాం?”

రాజు తన చేతిని పరాయివాడి చేతిలా చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత ముద్ద నోట పెట్టుకున్నాడు.

తలుపు చాటు నుంచి సన్నని గొంతు వినబడింది. “ఉప్పు సరిపోయిందా, దొరా? పన్నెండేళ్లయింది, చెయ్యి తప్పి ఉంటుంది.”

“రవ్వంత తక్కువ, సింగరయ్యా,” అన్నాడు రాజు. “రేపు కోట వంటింట్లో సరిచేద్దువుగాని.” ఆపైన ఆకు ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు.

ఆనాటి సాయంత్రమే, పన్నెండేళ్ల కిందట సింగరయ్యను విషపుచేతివాడని చాటిన డప్పే ఆ వీధుల్లోనే అతని నిర్దోషిత్వాన్ని చాటింది. డప్పు వెనుక రాజు కాలినడకన వెళ్లాడు. తప్పుడు తీర్పుకు బలై విడుదలైన వారికి ఇల్లు, కొలువు చూపడం ఇకపై రాజ్యం బాధ్యతని ఆజ్ఞ వెలువడింది.

“బొప్పనా, ఏం కావాలో కోరుకో,” అన్నాడు రాజు మరునాడు కొలువులో.

“ఏముంది ప్రభూ, నిన్న మా ఇంటి పులుసు మాకు గరిటెడైనా మిగల్చలేదు తమరు.”

రాజు పగలబడి నవ్వి, తన ముత్యాలహారం తీసి అతని మెడలో వేశాడు.

“గుండిగెడు పంపిస్తానయ్యా. కళాయి మాత్రం నేనే చూసి పంపుతాను.”