పావురాయి చూసొచ్చిన వింతలు

ఒకప్పుడు పావురాయి గూడంటే పక్షులన్నీ మెచ్చుకునేవి. దిట్టమైన గోడ, లోపల మెత్తటి పరుపు, పైన వాన కారని కప్పు. గిజిగాడంతటివాడు కూడా వచ్చి చూసి, "పనితనమంటే ఇదీ!" అని తల ఊపి వెళ్లేవాడు.

పావురాల్లో ఒక ఆచారం ఉంది. మొగుడు పుల్ల తేవాలి, పెళ్లాం పేర్చాలి. మొగుడు తేని పుల్లను పెళ్లాం ముక్కుతో ముట్టకూడదు.

తుమ్మచెట్టు మీద ఉండే బూదమ్మకు ఈ ఆచారమంటే ప్రాణం. ఆమె మొగుడు కంఠయ్యకు తన మెడంటే ప్రాణం. దాన్ని ఉబ్బించి, ఎండలో తళతళా మెరిపించుకోవడంతోనే అతనికి సగం రోజు గడిచిపోయేది.

"ఏమయ్యా, ఇంకో పది రోజుల్లో గుడ్లు పెడతాను. పుల్లలు మొదలుపెట్టు," అంది బూదమ్మ.

కంఠయ్య మెడ ఉబ్బించాడు. "పుల్లలదేముందే! ఈ ఊరి గూళ్లు చూసి చూసి విసుగొచ్చింది. లోకంలో మహా గొప్ప కట్టడాలున్నాయట, దేశాలు తిరిగిన కొంగ చెప్పింది. అన్నీ చూసొస్తాను. మన పిల్లలు అలాంటి ఇంట్లో పుట్టాలి."

"పిల్లలకు కావలసింది కింద పడెయ్యని ఇల్లయ్యా."

"ఊరు దాటనిదానివి, నీకేం తెలుస్తుందిలే!" అంటూ అతను ఎగిరిపోయాడు.

బూదమ్మ రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. కొమ్మ ఊగితే ఉలిక్కిపడింది. పిల్లి అరిస్తే వణికింది.

కాకి ఊరుకుంటుందా? "ఏమే బూదమ్మా, మీ ఆయన పుల్లకోసం సముద్రం దాటాడటగా? ఇక్కడి చెట్లు గొడ్డుపోయాయా?"

గిజిగాడికి జాలేసింది. "నువ్వే నాలుగు ఏరుకోరాదూ, చెల్లెమ్మా?"

"అమ్మో! ఆచారం తప్పితే పిల్లలకు ఏమవుతుందో!"

గూడు లేకపోతే పిల్లలకు ఏమవుతుందో, అదీ ఆలోచించింది. రెండూ ఆలోచించి, రెండింటికీ భయపడి, అక్కడే కూర్చుంది.

పదో రోజు పొద్దున కంఠయ్య దిగాడు. నోట్లో ఒక్క పుల్ల లేదు. మాటలు మాత్రం గంపెడు తెచ్చాడు.

"రోములో గుండ్రటి ఆటశాల చూశానే! ఒక పక్క గోడ విరిగింది, పైన కప్పు లేదు, జనం నోరు తెరుచుకుని చూస్తున్నారు. పీసాలో ఒక గోపురం పక్కకు వాలిపోయింది. దానికోసం బారులు తీరారు! పారిస్‌లో ఇనుప గోపురమైతే అంతా సందులే. ఇటు దూరి అటు వచ్చేశాను. ఎంత పేరనుకున్నావ్ దానికి!"

"నీకు పుణ్యముంటుందయ్యా, నొప్పులొస్తున్నాయి. పుల్లలు తే!"

గబగబా ఏడు తెచ్చాడు. బూదమ్మ పేర్చబోతే అడ్డం పడ్డాడు.

"అంత దగ్గరగానా? సందులు వదులు, పారిస్‌లోలాగా. కాస్త వాల్చు, పీసాలోలాగా."

"గోడ?"

"విరిగినట్టుండాలి. అసలు కట్టకపోతే ఇంకా నయం."

"మరి కప్పు?"

"కప్పుంటే చూడ్డానికి ఎవరొస్తారే!"

అతనన్నట్టే చూడ్డానికి అందరూ వచ్చారు. గిజిగాడు కొమ్మ కింద నిలబడి మొహమాటంగా అన్నాడు: "చెల్లెమ్మా, ఇక్కణ్నుంచి నీ పొట్ట కనిపిస్తోంది."

"పల్లెటూరివాడు, వాడి మాటకేం," అన్నాడు కంఠయ్య.

అప్పుడే మొదటి గుడ్డు వచ్చింది. వచ్చీరాగానే వాలు వైపు దొర్లింది. అంచు దాటబోతుండగా బూదమ్మ రెక్క అడ్డం పెట్టి, పొట్టతో అదిమి పట్టింది. గాలి వీచింది. పుల్లలు కిర్రుమన్నాయి.

బూదమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు పెంచింది. "ఇటు రావయ్యా! వచ్చి కూర్చో. నీ పీసాను నువ్వే పట్టుకో."

కంఠయ్య మెడ దించుకుని వచ్చి కూర్చున్నాడు. "ఎంతసేపే?"

"పిల్లలు బయటికొచ్చేదాకా. నీ వంతు పగలు, నా వంతు రాత్రి."

వంతులేసుకుని రెండు గుడ్లనూ దక్కించుకున్నారు. కానీ ఆ పిల్లలు కళ్లు తెరవగానే చూసింది ఆ గూటినే. వాటికి గూడంటే అదే. కంఠయ్య చెప్పిన వింతలు విని తక్కిన పావురాలూ అప్పటికే తమ గూళ్ల గోడలు, కప్పులు పీకి పారేశాయి. మంచి గూడు ఎలా ఉంటుందో వాటికి చూపించడానికి, మంచి గూడు ఒక్కటీ మిగల్లేదు.

మళ్లీ గుడ్లు పెట్టే వేళకు బూదమ్మ అంది: "నువ్వు కట్టించింది చాలు. కదలని రాతి అరుగున్న చోటికి తీసుకుపో."

కంఠయ్య సంబరంగా ఒక పేరుమోసిన పాలరాతి మేడకు తీసుకుపోయాడు. గుమ్మటం అంచున దించి, మెడ ఉబ్బించి అడిగాడు: "చూశావా? ఎలా ఉందీ కట్టడం?"

బూదమ్మ అటు చూసింది, ఇటు చూసింది. తోక తిప్పి, గుమ్మటం మీద తెల్లగా ఒక రెట్ట వేసింది.

అప్పటినుంచే పావురాయి గూడంటే వంకరగా పడేసిన నాలుగు పుల్లలు. అప్పటినుంచే గుడ్లమీద మొగుడూ పెళ్లాం వంతులేసుకుని కూర్చుంటారు. లోకంలో ఎంత గొప్ప కట్టడమైనా చూడండి, దానిమీద మగపావురం మెడ ఉబ్బించి ఆ గొప్ప చెబుతూనే ఉంటుంది. ఆడపావురం తన అభిప్రాయం వేస్తూనే ఉంటుంది.