నట్టింట్లోకి వెళ్ళిన మంగతాయి

అనగనగా ఒక ఊరు. ఎక్కడో సముద్రాల అవతల కాదర్రా, మన ఒంట్లోనే. పేరు ఒళ్ళూరు. నవ్వకండి, ఆ పేరు నేను పెట్టిందే. గోపిగా, ఆ కాలు చెల్లెలి మీంచి తియ్యి. ఊ కొట్టకపోతే మాత్రం చెప్పను, ముందే అంటున్నాను.

నూకరత్నం అనే పిల్ల ఒంట్లో ఉండేదా ఊరు. ఊరంతా ఇళ్ళే ఇళ్ళు. ఎర్ర ఇళ్ళు గాలిని మోసుకు తిరుగుతాయి. తెల్ల ఇళ్ళు కాపలా తిరుగుతాయి. ఇళ్ళు తిరుగుతాయా అంటావేమిటే వాసంతీ? ఒళ్ళూళ్ళో తిరుగుతాయి. నెత్తుటి కాలవల్లో తెప్పల్లా పోతూనే ఉంటాయి.

అలాంటి ఒక తెల్ల ఇంట్లో మంగతాయి అని ఒక కోడలుండేది. వాళ్ళత్తగారు సూరమ్మ. పట్నంలో చదివిన మీ పిన్ని వీళ్ళని ప్రోటీన్లంటుంది. నేను అత్తాకోడళ్ళంటాను. దానికి తెలిసింది అది, నాకు తెలిసింది ఇది.

ఆ ఇంటి మధ్యలో నట్టిల్లు. నట్టింట్లో ఒక నూలుపోగు. ఎంత పొడుగు? విప్పితే ఊరి పొలిమేర దాటేంత పొడుగు. అందుకే కండెలకి చుట్టి చుట్టి పెట్టారు. ఆ పోగునిండా ముడులే. ఒకచోటి ముడులు తడిమితే వల ఎలా అల్లాలో తెలుస్తుంది. ఇంకోచోట ఈటె ఎలా చెయ్యాలో, మరోచోట ఇరుగిళ్ళని ఎలా కేకెయ్యాలో. ఆ ముడులు చదివే వేళ్ళు మంగతాయివి. కానీ ఏం లాభం? సూరమ్మ కోడల్ని నట్టింటి గడప తొక్కనిచ్చేది కాదు. కొంగు పట్టుకునే ఉండేది. కూర్చుంటే కొంగు, నిలబడితే కొంగు, అటు తిరిగితే కొంగు, ఇటు తిరిగితే కొంగు.

మంగతాయికి ఉక్రోషం వచ్చేది. చేతిలో విద్య పెట్టుకుని వాకిట్లో కూర్చోవడమేమిటని లోలోపల కుమిలిపోయేది. సూరమ్మ గయ్యాళి మాత్రం కాదర్రా. వెనకటికి పక్కింటి కోడలొకత్తె ఊరికే ముచ్చటపడి కండెలన్నీ విప్పేసిందిట. శత్రువెవరూ రాకుండానే ఈటెలు లేచాయి, చుట్టుపక్కల ఇళ్ళు పాడయ్యాయి. అది కళ్ళారా చూసిన భయం ఆవిడది.

ఊ కొడుతున్నారా? సరే.

ఒకరోజు నూకరత్నం చెప్పుల్లేకుండా పొలం గట్టున పీతలు పట్టడానికెళ్ళింది. తుమ్మముల్లు కసుక్కున దిగింది. పీకేసింది కానీ కొస విరిగి లోపలే ఉండిపోయింది. అమ్మ తిడుతుందని ఎవ్వరికీ చెప్పలేదు. ముల్లు ఒంటరిగా వస్తుందా? బురదలో ఉండే పురుగుమూకని వెంటేసుకొచ్చింది. కంటికి ఆనని పురుగులు, ఒకటి రెండయ్యే పురుగులు, రెండు నాలుగయ్యే పురుగులు.

ఇక చూడండి. పురుగు తగిలితే గోడ అదిరింది. గోడ అదిరితే గంగులు లేచాడు, వాడు ఆ తెల్ల ఇంటి కాపలావాడులెండి. గంగులు లేస్తే డప్పు మోగింది. డప్పు మోగితే బంటు పరిగెత్తాడు. బంటు పరిగెత్తితే ఆజ్ఞ వచ్చింది. ఆజ్ఞ వస్తే అత్తగారికి చెమట పట్టింది!

బంటు మోసుకొచ్చిన ఆ ఆజ్ఞేమిటంటే, కొంగు పట్టుకున్న చెయ్యి ఇక ఇంట్లో ఉండకూడదు అని.

"అత్తయ్యా, వదలండి. పురుగులు గుమ్మం దాకా వచ్చేశాయి," అంది మంగతాయి.

"వదుల్తానే. వదిలాక నిన్ను ఆపేదెవరు?" అంది సూరమ్మ. కళ్ళనీళ్ళు పెట్టుకుని, కొంగు వదిలేసి, వీధిలోకి వెళ్ళి కనుమరుగైపోయింది.

మంగతాయి ఒక్క ఉరుకున నట్టింట్లో పడింది. అబ్బ, ఏమానందం! ఒక కండె విప్పింది, బయట పనివాళ్ళు వలలల్లారు. ఇంకో కండె విప్పింది, ఈటెలు లేచాయి. మరొకటి విప్పింది, పక్క తెల్ల ఇళ్ళన్నీ కేక విని పరిగెత్తుకొచ్చాయి. ఇంకొకటి విప్పింది, ఊరు వేడెక్కింది. నూకరత్నం కాలు బూరెలా పొంగి ఎర్రబడింది. పురుగులు వలల్లో పడ్డాయి, ఈటెలకి గుచ్చుకున్నాయి, తెల్ల ఇళ్ళ నోళ్ళలో కరిగిపోయాయి. వెనక్కి తిరిగి చూసేసరికి మూకలో ఒక్కటీ మిగల్లేదు.

అయిపోయిందనుకున్నారా? ఎక్కడయిపోయింది! మంగతాయి చేతులు ఆగితేగా! పుట్టి బుద్ధెరిగాక కొంగు వదులయింది అప్పుడే మరి. విప్పుతోంది, తడుముతోంది, విప్పుతోంది, తడుముతోంది. బయట ఈటెల మీద ఈటెలు. వేడి మీద వేడి. అక్కడ నూకరత్నం ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పిల్ల కలవరిస్తోంది. వాళ్ళమ్మ తడిగుడ్డ వేస్తోంది, అది క్షణంలో ఆరిపోతోంది.

అప్పుడు కిటికీ దగ్గర ఎవరో ఏడ్చారు. చూస్తే తోలువాడ పోలమ్మ. కాపలా ఇల్లు కాదు వాళ్ళది, పాపం, మామూలు చర్మపు ఇల్లు.

"ఏమ్మా మంగతాయీ, పురుగులు చచ్చి ఎంతసేపయిందో చూశావా? ఇప్పుడు పడుతున్న ఈటెలు మా కప్పు మీద పడుతున్నాయి. నా గోడ కూలిపోయింది తల్లీ!" అంది పోలమ్మ.

మంగతాయి కిటికీలోంచి తొంగి చూసింది. ఆపండి, ఆపండి అని అరిచింది. ఎవరు వింటారు? విప్పిన కండె విప్పినట్టే ఉంది, పని సాగుతూనే ఉంది. తను నట్టింట్లో ఉన్నంతసేపూ తన చేతులు తన మాటే వినడం లేదు.

వెతికింది. ఒక మూల చిన్న కండె కనిపించింది. ముడులు తడిమింది. తడిమితే ఏముంది? అత్తగారిని మళ్ళీ ఇంటికి రప్పించే ముడులవి!

మంగతాయి చెయ్యి ఆగిపోయింది. ఆవిడొస్తే మళ్ళీ కొంగు, మళ్ళీ వాకిలి, మళ్ళీ ఊరికే కూర్చోవడం. ఇంత విద్యా మళ్ళీ అటకెక్కాల్సిందే. అక్కడ పోలమ్మ ఏడుపు వినిపిస్తోంది. ఇక్కడ వేడికి నట్టిల్లు ఉడికిపోతోంది. కళ్ళు మూసుకుంది. ఆ కండె తన చేతులతో తనే విప్పింది.

ఊ అనరేం? నిద్రపోయారా? ఆఁ, అలా ఊ కొట్టాలి.

వచ్చింది సూరమ్మ. అప్పుడే పుట్టినట్టు కొత్తగా, కొత్త చీరలో వచ్చింది. నేరుగా నట్టింట్లోకే వచ్చింది.

"నన్నెవరు పిలిచారే?"

"నేనే అత్తయ్యా."

"నిన్ను పట్టుకునేదాన్ని నువ్వే పిలిచావా?"

"నన్ను పట్టుకునేవాళ్ళు లేకపోతే ఊరు నిలవదత్తయ్యా," అంది మంగతాయి, ఏడుస్తూ.

సూరమ్మ కొంగు పట్టుకుంది. ఈసారి మరీ లాగలేదు, చంటిపిల్లని నడిపించినట్టు మెల్లిగా వాకిట్లోకి తీసుకొచ్చింది. కండెలు ఒక్కొక్కటే చుట్టుకున్నాయి. ఈటెలు ఆగాయి. తెల్ల ఇళ్ళు పోలమ్మ వాకిట్లో చెత్త ఎత్తిపోసి వెళ్ళాయి, గోడ కట్టేవాళ్ళొచ్చారు. అత్తాకోడళ్ళిద్దరూ గడపలో కూర్చున్నారు. "ఆ కండెల్లో ఏమేం ఉన్నాయే?" అని సూరమ్మ అడిగింది. అంత వయసొచ్చి ఆవిడ ఆ మాట అడగడం అదే మొదటిసారి. మంగతాయి ఒక్కో కండె గురించీ చెబుతుంటే బుగ్గన చెయ్యి పెట్టుకుని విన్నది.

నూకరత్నానికి చెమట పట్టి జ్వరం దిగింది. చీముతో ముల్లుకొస బయటికొచ్చింది. కళ్ళు తెరిచి చారన్నం కావాలంది. వాళ్ళమ్మ ముందు ముద్దు పెట్టుకుంది, తర్వాత చీవాట్లు పెట్టింది, తర్వాత అన్నం కలిపింది.

అంచేత, కండె విప్పడం వచ్చినవాళ్ళకి చుట్టడం కూడా రావాలర్రా. ముల్లు గుచ్చుకుంటే అమ్మకి చెప్పడం అంతకన్నా ముందు రావాలి.

కథ కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి. కాళ్ళు కడుక్కుని పడుకున్నారా, లేదా?