రాళ్ళోడి పేరు

అనగనగా ఒక కొండ. ఆ కొండకు పేరుంది, ఎర్రకొండ. కొండ కింద ఒక ఊరు. ఆ ఊరికీ పేరుంది, గుండ్లవంక. కొండకూ ఊరికీ నడుమ వాలు చేన్లో ఒక మనిషి. ఆయనకు మాత్రం పేరు లేదు.

పేరు లేకుండా ఎట్లుంటాడు జేజీ, అంటారా? ఉంటాడు నాయనా. పిలిచేవాళ్ళు లేకపోతే ఉన్న పేరు ఎవరికి తెలుస్తుంది?

నడక రాకముందే అమ్మ పోయింది. నడక వచ్చినాక నాయన పోయినాడు. వాళ్ళింట్లో ఒక ముద్ద, వీళ్ళింట్లో ఒక ముద్ద తిని పెరిగినాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఎప్పుడు చూసినా నెత్తిన రాయి మోస్తుంటాడని ఊరంతా రాళ్ళోడా, రాళ్ళోడా అనేది. అంతకుమించి ఆయనతో మాట్లాడిన పాపాన పోలేదు ఎవ్వరూ.

ఆ రాళ్ళు ఎందుకంటే, వాన పడితే చాలు, చేన్లో మన్నంతా కొట్టుకొని వంకలో పడేది. అందుకని వాలుకు అడ్డంగా రాతికట్ట కడుతున్నాడు. నాయన బిడ్డ పేరున రాసిచ్చిన చేనుంది, చల్లడానికి విత్తనం లేదు. కూలికి పోయి బతికేవాడు. "నా చేన్లో ఒక్క పంట చూసి పోతే చాలు" అనేవాడు. ఎవరితో? ఆ రాళ్ళతోనే.

ఒకనాడు దొరతనం దండోరా వేయించింది. "వినండహో! వాలు చేన్లో కట్ట కట్టి మన్ను నిలబెట్టినోళ్ళకు కొర్ర విత్తనం ఊరికే ఇస్తారహో!"

గొలుసులు పట్టుకొని మనుషులొచ్చినారు, చేన్లు కొలిచినారు, కట్టలు చూసినారు. పాత దస్త్రంలో ఏ చేనుకు ఏ పేరుందో అది రాసుకొని పోయినారు.

తొలకరికి ముందు విత్తనాల బండి వచ్చింది. రాళ్ళోడు తలగుడ్డ దులుపుకొని చావిడి కాడ చివర కూర్చున్నాడు. గుమాస్తా ఒక్కో పేరు మూడుసార్లు పిలుస్తాడు. పలికితే విత్తనం, పలక్కపోతే గీత.

"ఓబులేసు! ఓబులేసు! ఓబులేసు!"

ఎవరూ పలకలేదు. ఓబులేసు ఎవడబ్బా అని జనం మొహాలు చూసుకున్నారు. గుమాస్తా గీత కొట్టేసినాడు.

అందరూ పోయినాక రాళ్ళోడు చేతులు కట్టుకొని అడిగినాడు. "సామీ, రాళ్ళోడని నా పేరు లేదా?"

"రాళ్ళోడని ఎవడైనా పేరు పెట్టుకుంటాడా? లేదు పో!"

రాళ్ళోడు ఏమనుకున్నాడో తెలుసా? నా కట్ట చాల్లేదేమో అనుకున్నాడు. ఇంటికి పోతా పోతా, "పాపం, ఆ ఓబులేసు ఎవరో, ఏం కష్టమొచ్చిందో, రాలేకపోయినాడు" అనుకున్నాడు. పోయి రెండో కట్ట కట్టినాడు.

రెండో ఏడూ అంతే. ఓబులేసు అని మూడు పిలుపులు, ఒక గీత. "పాపం, ఈ ఏడూ రాలేదు" అనుకుంటా పోయి మూడో కట్ట కట్టినాడు. నాకు ఏడుపొస్తుంది నాయనా, ఈ ముక్క చెప్పేటప్పుడల్లా.

మూడో ఏడు మంత్రసాని సుంకమ్మ వచ్చింది. కూతురి ఊర్లో ఏండ్ల తరబడి ఉండి, కట్టె ఇక్కడే కాలాలని తిరిగొచ్చిన ముసలిది. ఆమె చావిడి చేరేసరికి మూడో పిలుపు చెవిన పడింది.

"ఓబులేసా? వాడు రాళ్ళోడే గదరా! ఆ బిడ్డను ఈ చేతుల్లోకే తీసుకుంటిని. చెవిలో పేరు చెప్పింది నేనే. మీ నోళ్ళు పడిపోను, ఉన్న పేరు తీసి రాళ్ళ పాలు చేస్తిరే!"

అప్పటికే రాళ్ళోడు కొండ దోవ పట్టినాడు. ముసలిది కర్ర పట్టుకొని ఎంటబడింది.

"ఓరే ఓబులేసూ!"

ఆయన తిరగలేదు.

"ఓబులేసూ!"

ఆయన దోవలోంచి పక్కకు జరిగి నిలబడినాడు. వెనకొచ్చే ఓబులేసుకు దోవ ఇద్దామని!

మూడోసారి ఆమె వచ్చి చెయ్యి పట్టుకొంది. "నిన్నేరా. మీ అమ్మ పెట్టిన పేరు."

చెయ్యి వదలకుండా వెనక్కి లాక్కొచ్చింది. వాళ్ళు చావిడికి తిరిగొచ్చేసరికి విత్తనం మూట కట్టేసినారు. "మూడు పిలుపులూ అయిపోయినాయి, వచ్చే ఏడు రమ్మను" అని గుమాస్తా బండెక్కినాడు. ముసలిది శాపనార్థాలు పెట్టింది. ఆయన మాత్రం మెల్లగా అన్నాడు. "పోనీలే అవ్వా. ఇంకొక్కసారి పిలువు."

"ఓబులేసూ!"

"ఉన్నా."

ఆయన వాలెక్కి పోతున్నంతసేపూ ఆమె కింద నుంచి పిలుస్తానే ఉంది, ఆయన పై నుంచి "ఉన్నా" అంటానే ఉన్నాడు. ఊరంతా చావిడి కాడ నిలబడి వినింది.

ఆ చలికాలంలో ఆయన పోయినాడు. మూడో కట్టకు ఆనుకొని కూర్చున్నట్టే ఉన్నాడని మేకలోళ్ళు వచ్చి చెప్పినారు. పంట చూడనే లేదు.

ఆ మరుసటి వేసవిలో పెద్ద గాలివాన పడింది. అందరి కట్టలూ తెగి చేన్లు కోసుకుపోయినాయి. మూడు కట్టల వెనక మన్ను మాత్రం కదల్లేదు. ఆగిన నీళ్ళు ఇంకి, కింద ఊరి బావిలో ఊట పెరిగింది. అప్పుడు తెలిసింది ఊరికి, ఆయన ఎవరి కోసం మోసినాడో.

నాలుగో ఏడు గుమాస్తా మళ్ళీ పిలిచినాడు. చచ్చిపోయిన సంగతి దస్త్రానికి తెలీదు గదా.

"ఓబులేసు!"

ఎవరూ పలకలేదు.

"ఓబులేసు!"

సుంకమ్మ లేచింది. "ఉన్నాడు!"

"యాడున్నాడు?"

"కొండ మీద. పోయి చూడు, మన్ను పోకుండా పట్టుకొని ఉన్నాడు."

మూడో పిలుపుకు ఊరు ఊరంతా పలికింది. "ఉన్నాడు!" గుమాస్తా కొండ దిక్కు చూసినాడు, విత్తనం కొలిచినాడు. ఊరే ఆ చేను విత్తింది, ఊరే కోసింది. ఆ గింజలు ఎవరూ లేనోళ్ళ గడపకు చేరినాయి.

ఇప్పటికీ గుండ్లవంకలో ఏది పంచినా తొలి పేరు ఓబులేసుదే. ఊరంతా "ఉన్నాడు" అన్నాకే రెండో పేరు పిలుస్తారు. బిడ్డకు మాటలు రాగానే మొదట సొంత పేరు చెప్పిస్తారు, అమ్మా నాయనా తర్వాతే.

కథ కొండెక్కింది, మీరు ఇండ్లకు పోండి. పోయేముందు ఒక్కొక్కరూ మీ పేరు నాకు చెప్పి పోండి. గట్టిగా చెప్పండి, నాకు చెవుడు.