వణుకు మానని జీపు

కాసులు ఒంటి చేత్తో చేసిన మొదటి బండి వణుకుతోంది.

అది సన్నిబాబు జీపు. వానాకాలం గెడ్డలు, వాగులు దాటాలంటే బండి ఎత్తుగా ఉండాలని, పాడేరు ఘాటు కింద ఉన్న షెడ్డుకు తెచ్చాడు. కాసులు కమాను కట్టలకూ వెనక ఇరుసుకూ మధ్య ఇనప దిమ్మలు పెట్టి బెత్తెడు పైకి లేపింది. చూడ్డానికి దర్జాగా ఉంది. వేగం అందుకునేసరికి మాత్రం సీటు కింద రేకంతా చలిజ్వరం వచ్చినట్టు వణికేది.

షెడ్డు బదరున్నీసాది. ఘాటెక్కే జీపుల్లో ఆవిడ చెయ్యి పడనిది లేదు. అయినా ఆడదాన్ని మేస్త్రీ అనడానికి నోరు రాక, ఊరంతా 'మేస్త్రీ గారి భార్య' అనేది. ఆ మేస్త్రీ ఎప్పుడు పోయాడో ఊరు మర్చిపోయింది గానీ ఆ పిలుపు మర్చిపోలేదు. ఆవిడ దగ్గర పని నేర్చుకునే కాసులు ఒక్కతే ఆవిడను మేస్త్రీ అని పిలిచేది.

ఇప్పుడా రోడ్డున జీపులే లేవు. అప్పుడైతే సంత రోజు పొద్దున షెడ్డు ముందు వరసగా ఆగేవి. పసుపు బస్తాలు, కోళ్ల గంపలు, బానెట్ మీద కూడా మనుషులు. రేకుల కప్పు మీద వాన మోగుతుంటే, ఆ మోతలోనే చెవి పెట్టి ఏ బండికి ఏం జబ్బో బదరున్నీసా చెప్పేసేది.

ఈ జీపు గురించి మాత్రం నోరు విప్పలేదు.

కాసులు తనకు తెలిసిందంతా చేసింది. వేగంగా పోతూ గేరు తప్పించి వదిలింది. ఇంజను చప్పుడు తగ్గింది, వణుకు తగ్గలేదు. అంటే ఇంజనుది కాదు. గేర్‌బాక్సు నుంచి ముందు ఇరుసుకు పోయే షాఫ్టు విప్పేసి నడిపింది. అయినా వణికింది. అంటే వెనక షాఫ్టుది. దాని రెండు చివరలా కీళ్లలో క్రాసులు కొత్తవి వేసింది. వంపు ఉందేమోనని షాఫ్టును దొర్లించి చూసింది. చక్రాలు కూడా మార్చింది.

"ఇంకేటి మిగిలింది మేస్త్రీ?"

"బండి," అంది బదరున్నీసా.

మధ్యాహ్నం సన్నిబాబు వచ్చాడు. వస్తూనే జీపెక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు. దిగలేదు.

"ఏటమ్మా, నా బండికి జొరం తగ్గిందా?"

"ఇంకొక్క రోజు ఆగండి బాబూ."

"ఆగను. రేపు విశాఖపట్నం తోలుకుపోతాను. సంతలో అందరికీ చెబుతాను, ఆడగుంట చేత బండి పని చేయించుకోకండ్రా అని."

ఆ మాట సంతలో పడితే కాసులు చేతికి మళ్లీ బండి రాదు. సామాన్లు కడగడం, టీ తేవడం, పాత పనే. మగవాడు చేసిన బండి వణికితే బండి మంచిది కాదంటారు. ఆడది చేసిన బండి వణికితే ఆడది పనికిరాదంటారు.

కాసులు జీపు పక్కన నిలబడి, మెడ బాగా పైకెత్తి, ఏమేం చేసిందో అతనికి చెప్పడం మొదలుపెట్టింది. మాట గొంతులోనే వణికిపోతోంది.

బదరున్నీసా చేతుల గ్రీజు తుడుచుకుంటూ వచ్చింది. కాసులు నడినెత్తిన అరచెయ్యి పెట్టి, తల తిన్నగా అయ్యేదాకా కిందికి నొక్కింది.

"ఇప్పుడు చెప్పు."

"బాబుగారి మోకాలు కనబడతంది మేస్త్రీ."

"మోకాలికే చెప్పు."

"ఇదేం చోద్యమమ్మా!" అన్నాడు సన్నిబాబు. "మొహం చూడకుండా మాట్లాడతారా?"

"నీ మొహం నువ్వు తిన్నగానే పెట్టుకున్నావు కదా బాబూ. ఆ గుంటనీ పెట్టుకోనీ. నీదాకా ఎక్కి రావడం సంగతి ఆ మాటే చూసుకుంటుంది."

కాసులు ఆ మోకాలి వంకే చూసింది. వంగి జీపు కిందికి చూసింది. "దిగండి," అంది.

జాకీ పెట్టి జీపు కిందికి దూరింది. దిమ్మలు పెట్టిన రోజున ఆమె ఇంకొక పని కూడా చేసింది, ఎవరూ చెప్పకుండానే. గేర్‌బాక్సు బండితో పాటు పైకి లేచింది, ఇరుసు కిందే ఉండిపోయింది కదా అని, దిమ్మలకూ ఇరుసుకూ మధ్య ఏటవాలు ఇనప చెక్కలు దోపి, షాఫ్టు తగిలే ఇరుసు మూతిని గేర్‌బాక్సు వైపు ఎత్తి పెట్టింది. గేర్‌బాక్సు మాత్రం ఎప్పటిలా తిన్నగానే చూస్తోంది.

రెండు చెక్కలూ ఊడదీసి బయటికి విసిరింది. బోల్టులు బిగించింది. ఇరుసు మూతి, గేర్‌బాక్సు మూతి, రెండూ తిన్నగా ఉన్నాయి. మధ్యలో షాఫ్టు ఒక్కటే వాలుగా ఉంది.

బండి ఆమే తోలింది. సన్నిబాబు పక్కన కూర్చున్నాడు. చోడవరం రోడ్డున గేర్లు మారాయి, వేగం పెరిగింది. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అతను కాళ్ల కింద రేకును చెప్పుతో తట్టి చూశాడు, అసలు ఉందా ఊడిపోయిందా అన్నట్టు.

షెడ్డు దగ్గర దిగి, "వచ్చే సంతకి మా తోడల్లుడి బండి కూడా తెస్తాను," అన్నాడు. ఎవరి వైపూ చూడకుండా, వానతో చెప్పినట్టు.

అతను వెళ్లాక కాసులు ఇనప చెక్కలు ఏరి తెచ్చింది.

"ఇవి నేను పెట్టిననాడే చూశావు కదా మేస్త్రీ. అప్పుడే చెప్పొచ్చు కదా?"

"చెబితే జీపొక్కటే బాగయ్యేది," అంది బదరున్నీసా.