మేకులు కొట్టిన మాట

ఇంటర్వ్యూ నుంచి తిన్నగా, తనకి ఇంగ్లీషు నేర్పే సాల్మన్ మాస్టారి గుమ్మంలోకొచ్చి పడింది రత్నం. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి కాదు, ఏడవకుండా పట్టుకుని.

“నవ్వారండీ. విమానాల రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగం. ఇంటర్నేషనల్ అని చదవమంటే చదివాను. మేకులు కొడుతున్నావా అమ్మా అన్నాడొకాయన. పక్కావిడ రుమాలు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. రేపు ఇంకోసారి రమ్మన్నారు. ఎందుకండీ, మళ్లీ నవ్వుకోడానికా?”

మాస్టారు ఆమె చేతిలో కాగితం తీసుకున్నారు. ఇన్, టర్, నే, ష, నల్. పెన్సిలు గీతలతో ఐదు ముక్కలు, వంజరం చేపని కోసినంత శుభ్రంగా.

“కోత బాగుంది” అన్నారు.

“మరెందుకు నవ్వాలి? ఒక్క ముక్కా మింగలేదు నేను. అన్నీ గట్టిగానే పలికాను. జాలరిపేట పిల్ల నోట్లో ఇంగ్లీషంటే అంత వేళాకోళమా?”

మాస్టారు చెప్పులు తొడుక్కుని ఒడ్డుకి నడిచారు. రత్నం విసవిసా వెనకే వెళ్లింది.

నీరెండలో సముద్రం తోమిన రాగిబిందెలా ఉంది. పదిమంది పడవని ఒడ్డుకి లాగడానికి తాడు పట్టుకున్నారు.

“పోలయ్యా, ఈవేళ పిలుపు మా రత్నం ఇస్తుంది” అన్నారు మాస్టారు.

రోజూ ఐలేసా పిలిచే ముసలి పోలయ్య పక్కకి జరిగి తనూ తాడు పట్టుకున్నాడు.

రత్నం కోపమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది. “ఐ. లే. సా.” మూడూ ఒకే బలంతో. ఒకడు ఐ దగ్గర లాగాడు, ఇంకొకడు లే దగ్గర. తాడు మెలికలు తిరిగింది. చివరివాడు ఇసకలో చతికిలబడ్డాడు. పడవ కదల్లేదు.

“ఎవరి మీద కోపమే, మా నడుములిరగ్గొడతన్నావు?” అన్నాడు పోలయ్య.

రత్నం మొహం జేవురించింది. మాస్టారు ఆ కాగితం ఆమె చేతిలో పెట్టారు. అంతే.

ఆమె దాన్నే చూస్తూ నిలబడింది. చిన్నప్పట్నుంచీ విన్న నాన్న పిలుపు చెవుల్లోకొచ్చింది. ఐలే అని తేలిగ్గా వదిలేసి, బరువంతా సా మీద పడేసేవాడు. ఈ ఐదు ముక్కల్లోనూ బరువు పడేది ఒక్కదాని మీదే.

“ఇంటర్” అంది మెల్లగా. “నే!”

అందరి చేతులూ ఒక్కసారే బిగిశాయి. “షనల్” అనేది ఊపిరి వదిలినట్టు జారిపోయింది. పడవ బారెడు పైకెక్కింది. మళ్లీ పిలిచింది. మళ్లీ ఎక్కింది.

“ఇదేం పిలుపోగానీ” అన్నాడు పోలయ్య రొప్పుతూ, “ఎక్కడ లాగాలో తెలుస్తంది.”

మాస్టారు ఇసక దులుపుకున్నారు. “రేపు ఎన్నింటికి రమ్మన్నారు?”

“పదింటికండీ” అంది రత్నం, తాడు మీంచి చూపు తిప్పకుండా. “ఆ రుమాలావిడని కాస్త దగ్గరగా కూర్చుని వినమంటాను.”