చాలన్నవాడి విస్తరి

తీతుకి పాతికేళ్ళు. ఏటిగట్టుపాలెం మందిరానికి పాస్టరుగా వచ్చి ఏడాదయింది. ఆ ఊళ్ళో పదకొండు మగ్గాలున్నాయి. తెల్లారగట్ల ఏటి మీది మంచులోంచి ఆ మగ్గాల చప్పుడు వస్తుంటే, ఊరంతటికీ కలిపి ఒకటే గుండె ఉన్నట్టు అనిపించేది తీతుకి. ఇప్పుడా చప్పుడు లేదు. నూలు అయిపోయి మూడు వారాలైంది. సోమవారం నేతవాళ్ళంతా పెళ్ళాంబిడ్డలతో ఇటుకబట్టీకి బయల్దేరుతున్నారు.

శనివారం పొద్దున్నే ఖాళీ కడుపుతో సైకిలెక్కి, తనకి వాక్యం నేర్పిన జకరయ్య అయ్యగారి ఊరికి వచ్చాడు. ఆ వేళ అక్కడ ఏడూళ్ళ పాస్టర్ల కూడిక. ఆ ఏడుగురినీ ఒక సంఘంగా కట్టింది అయ్యగారే. నూలు కలిసి తెప్పించుకోవడం, నేసిన దుప్పట్లు కలిసి అమ్ముకోవడం, ఒక ఊళ్ళో ఉన్నది లేని ఊరికి పంపడం ఆ సంఘం పని. నెలకోసారి కూర్చుని ఎవరి ఊరి సంగతి వాళ్ళు చెప్పుకుంటారు. తన వంతు వచ్చినప్పుడల్లా తీతు నవ్వి, "ప్రభువు కృప, అంతా బాగుంది" అనేవాడు. పోయిన నెల నూలు అడుగంటుతున్నప్పుడూ అదే మాట.

అయ్యగారు పెరట్లో కూర్చుని గోంగూర గిల్లుతున్నారు. తీతు పక్కన చతికిలబడ్డాడు.

"అయ్యగారూ, ఒకటి అడగనా? ప్రేమంటే అడక్కుండానే తెలుసుకోవడం కదా? మన సంఘంలో ఆ ప్రేమ ఉందంటారా?"

"ఎవరికేం తెలియలేదు నాయనా?"

"అబ్బే, ఊరికే అడిగానండీ."

అయ్యగారు ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశారు. "ఆ కట్ట ఇలా అందుకో" అన్నారు. అంతే.

మధ్యాహ్నం వరసగా విస్తళ్ళు పరిచారు. అయ్యగారే వడ్డన. పొగలు కక్కే అన్నం, గోంగూర మాంసం. ఆ వాసనకే తీతుకి ప్రాణం లేచొచ్చింది. అయినా ఒక్క గరిటె పడగానే మొహమాటంగా విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలండీ, చాలు."

"చాలా?"

"చాలండీ."

అయ్యగారు ముందుకి సాగిపోయారు.

తీతు తెల్లబోయాడు. అమ్మయితే ఆ చెయ్యి పక్కకి నెట్టి మరీ వేసేది. నాలుగు ముద్దలకే విస్తరి ఖాళీ. అయ్యగారు రెండో వడ్డనకి వచ్చారు. అతని దగ్గర ఆగలేదు. మూడోసారీ అంతే.

పక్కన ఓబద్యగారు, వాళ్ళందరిలోకీ ఎక్కువ అనుభవం ఉన్న పాస్టరు, మళ్ళీ కలుపుకుంటూ అతని విస్తరిలోకి తొంగి చూశారు. "ఏం తమ్ముడూ, పెళ్ళిచూపులకొచ్చినట్టు తింటున్నావే!"

అందరూ నవ్వారు. తీతు కూడా నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారం ఎక్కువైందనుకుంటారులే అనుకున్నాడు.

గిన్నె అడుగున గరిటె గీసుకున్న చప్పుడైంది.

"అయ్యగారూ!" ఆ గొంతు తనది కాదనిపించింది. "నాకు... నాకింకా ఆకలిగా ఉందండీ."

అయ్యగారు వెనక్కి వచ్చారు. వంగి, ఉన్నదంతా ఊడ్చి అతని విస్తరిలో వేశారు.

"చాలన్నావు. పాస్టరు మాట కదా, నమ్మాం" అన్నారు మెల్లిగా.

నమ్మాను అనలేదు. నమ్మాం అన్నారు.

తీతు చెయ్యి అన్నం మీదే ఆగిపోయింది. వరసలో కూర్చున్న ముఖాలన్నీ ఒకసారి చూశాడు. తల వంచుకున్నాడు.

"మా ఊళ్ళో మగ్గాలన్నీ ఆగిపోయాయి. నూలు లేదు. ఎల్లుండి అందరూ బట్టీకి పోతున్నారు."

వరసలోవాళ్ళంతా అతని వైపు తిరిగారు.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ!" అన్నాడు ఆ చివరనున్న పాస్టరు. "మా కొట్లో నూలు ఎలకలు కొట్టేస్తున్నాయి కదయ్యా! రేపు ఆరాధన కాగానే బండి కట్టిస్తా. మీవాళ్ళని కదలొద్దని చెప్పు."

తీతు తలూపాడు. ముద్ద పెద్దదిగా కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

పక్కన ఓబద్యగారు తినడం మానేశారు. విస్తరి అంచు మడుస్తూ కూర్చున్నారు.

"అయ్యగారూ, పోయిన నెల మా ఊళ్ళో ఏ ఇబ్బందీ లేదన్నాను కదా..." అని ఆగారు.

అయ్యగారు గిన్నె కింద పెట్టి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"చెప్పు ఓబద్యా."