విస్తరి కింద పాట

కాళ్ళు ముడుచుకో బుజ్జీ, దుప్పటి కప్పుతాను. ఊఁ కొట్టడం మానేశావో, నేనూ ఆపేస్తాను.

అనగనగా ఒక ఊళ్ళో పేరిందేవి అని ఒకావిడ ఉండేది. గొంతు తేనె, మతి జల్లెడ. ఊళ్ళో ఏ పెళ్ళైనా, మగపెళ్ళివారు భోజనాల బంతిలో కూర్చోగానే వాళ్ళని ఆటపట్టిస్తూ పాట కట్టి పాడేది ఆవిడే. పాత పాట పాడితే ఒప్పుకోరు. ఆ పూట వాళ్ళు చేసిన తిక్క పనులే పాటలో రావాలి. వాళ్ళు లేచేలోగా పాడెయ్యాలి.

మొదటి పెళ్ళిలో అన్నీ చూసింది. "గుర్తుంటాయిలే" అనుకుంది. బంతి దగ్గరికొచ్చేసరికి ఒక్కటీ గుర్తు లేదు. దగ్గి ఊరుకుంది.

ఆ తర్వాత రెండో పెళ్ళిలో, ఒక్కో వింతకీ కొంగున ఒక్కో ముడి వేసుకుంది. బంతి వేళకి కొంగంతా ముడులే! ఏ ముడి దేనికో తెలిస్తేగా? ఆవిడ ముడులు విప్పుకుంటూనే ఉంది, వాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

అప్పుడు ఊళ్ళో పెళ్ళి పనులన్నీ చూసే పెద్దావిడ వెంకాయమ్మ అంది: "ఇదిగో పిల్లా, ఈసారి కూడా నోరు పెగల్లేదనుకో, పాట మా కోడలికి ఇచ్చేస్తా. నువ్వు కత్తిపీట ముందేసుకుని వంకాయలు తరుగుదువుగాని."

పేరిందేవికి ఏడుపొచ్చింది. పాట తప్ప ఆవిడకింకేముంది చెప్పు?

మూడో పెళ్ళి వచ్చింది. పేరిందేవి పెరట్లో అరటాకులు తుడుస్తోంది. పెళ్ళికొడుకు తండ్రి గవర్రాజుగారు అటొచ్చి మొహం తుడుచుకున్నాడు. మీసం నలుపు సగం తువ్వాలుకి అంటింది! పేరిందేవి వెంటనే ఈనెపుల్ల తీసి, చేతిలో ఉన్న అంచు చిరిగిన ఆకు వెనకే గీకేసింది. ఆ తర్వాత ఆయన వంటలదగ్గర గారెలు కండువాలో మూటకట్టుకున్నాడు, కుక్క వెంటపడింది. అదీ గీకింది. ఆ తర్వాత పందిట్లో వియ్యంకుడనుకుని సన్నాయి ఊదే ఆయన మెళ్ళో దండ వేశాడు. అదీ గీకింది.

"హమ్మయ్య, రాసేశాను" అనుకుని, ఆ ఆకుని మిగతా ఆకుల మీదే పెట్టేసింది. అంతే, మతి హాయిగా నిద్రపోయింది.

అప్పుడేమైంది? ఎవరో ఆకులన్నీ పట్టుకుపోయి బంతిలో వేసేశారు! అంచు చిరుగు చూసి పోల్చుకుంటే, ఆవిడ రాసిన ఆకు గవర్రాజుగారి ముందే ఉంది. ఆకు మీద అన్నం, ఆకు కింద పాట.

"చాలునా అన్నయ్యగారూ? లేస్తారా?" అంది పేరిందేవి, ఆకు ఎలాగైనా చేతికి రావాలని.

"అప్పుడేనా చెల్లెమ్మా! ఇంకాస్త పులిహోర వెయ్యి."

వెంకాయమ్మ గుడ్లురుముతోంది. పేరిందేవి పులిహోర వేసింది, బూరెలు వేసింది, పెరుగు పోసింది. ఆయన తింటూనే ఉన్నాడు.

చివరికి బ్రేవుమని త్రేన్చి, విస్తరి మడిచాడు. వెనక వైపు పైకొచ్చింది. గీతలు నల్లబడి చక్కగా కనబడుతున్నాయి. ఆయన కళ్ళు చికిలించి, పైకే చదివాడు.

"మీసం రంగు తువ్వాలుకి... కండువాలో గారెలు, వెనక కుక్క... దండ సన్నాయాయనకి... ఎవరమ్మా ఈ వెర్రిబాగులాయన?"

బంతంతా ఆయన సగం తెల్ల మీసం వైపు చూసింది. కండువా నాకుతున్న కుక్క వైపు చూసింది. అప్పుడు పేరిందేవి గొంతెత్తింది.

"మీసాల నలుపంతా తువ్వాలు తాగింది,
కండువా గారెలకు కుక్కమ్మ కాపుంది,
వియ్యంకుడెవరయ్య వియ్యాలవారూ,
సన్నాయి మెళ్ళోన దండేసినారూ!"

గవర్రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "చెల్లెమ్మా, మా రెండోవాడి పెళ్ళికీ నువ్వే పాడాలి!"

వెంకాయమ్మ వెళ్ళి, కత్తిపీట కోడలి ముందు పెట్టింది.

నువ్వూ రేపు బళ్ళో వింత చూస్తే, పలక మీద అప్పుడే గీకెయ్యి. మీ మేష్టారి మీసం గురించైతే మాత్రం ఆయన కంట పడనీకు.

కథేమో కంచికి,
ఆకేమో ఆవుకి,
పాటేమో ఊరికి,
మనమేమో నిద్రకి.